సీడ్ గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలా, వద్దా?

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర శాఖలో సహాయ ఆచార్యురాలిగా చేరి నాకిది రెండో ఏడు. భూగర్భజలంలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకునే పదార్థాల మీద పని చేస్తున్నాను. బయటి నిధుల సంస్థకు మూడేళ్ల ప్రాజెక్టు పంపితే ‘ప్రాథమిక ఫలితాలు లేవు’ అని తిప్పి పంపారు. ఇప్పుడు మా విశ్వవిద్యాలయమే సీడ్ గ్రాంటులకు, అంటే కొత్త పరిశోధన మొదలుపెట్టడానికిచ్చే చిన్న నిధులకు, దరఖాస్తులు పిలిచింది. అయితే వాళ్లిచ్చేది నేను బయట అడిగినదానిలో పదో వంతు కూడా ఉండదు. ‘ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, పెట్టండి’ అని ఒక సీనియర్ అంటున్నారు. ‘అవి ముందే అనుకున్నవాళ్లకు వెళ్తాయి, పైగా చిన్న డబ్బు తీసుకుంటే పెద్దది రాదు’ అని ఇంకొకరు అంటున్నారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఫెలోషిప్ కొద్ది నెలల్లో ముగుస్తుంది, థీసిస్ ఇంకా పూర్తి కాలేదు. ఈ గ్రాంటులోంచి ఆమెకు జీతం ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: దరఖాస్తు పెట్టండి. అందులో నాకు సందేహం లేదు. దేనికోసం పెడతారన్న దగ్గరే నా భయమంతా. బయటి నుంచి తిరిగొచ్చిన ఆ మూడేళ్ల ప్రాజెక్టునే తీసుకుని, నాలుగు పేజీలు కత్తిరించి, బడ్జెట్ అంకెలు తగ్గించి, తేదీ మార్చి లోపలికి పంపేస్తారేమో! ఇలాంటి ఎంపిక కమిటీల్లో నేను చాలాకాలం కూర్చున్నాను. ఆ బాపతు దరఖాస్తు మొదటి పేజీలోనే దొరికిపోతుంది. లక్ష్యాలు ఐదుంటాయి, గడువు ఏడాదే ఉంటుంది, డబ్బు ఒక లక్ష్యానికి కూడా చాలదు. ‘ఈ డబ్బుతో ఈ పని అవదు’ అని చదివేవారికి ఒకసారి అనిపించాక, మిగతాదంతా ఎంత బాగున్నా మార్కులు పడవు.

విశ్వవిద్యాలయం తన డబ్బు మీకు ఎందుకు ఇస్తుందో ముందు ఆలోచించండి. ఇలాంటి నిధికి సొమ్ము సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది. దాతలిచ్చిన మూలధనం మీద వచ్చే రాబడి ఒకటి, సంస్థ తన బడ్జెట్‌లో పక్కన పెట్టుకునే మొత్తం ఇంకొకటి, అధ్యాపకులు బయటి నుంచి తెచ్చిన ప్రాజెక్టుల మీద సంస్థ తన నిర్వహణ ఖర్చుల కింద తీసుకునే ఓవర్‌హెడ్‌లో కొంత భాగం మూడోది. ఈ మూడో దారి సంగతి కొత్తవారికి ఎవరూ చెప్పరు. పక్క శాఖవారు ఎప్పుడో తెచ్చిన ప్రాజెక్టు మీద మిగిలిన సొమ్మే ఇవాళ మీకు సీడ్ గ్రాంటుగా వస్తుంది. రేపు మీరూ ఒక ప్రాజెక్టు తెస్తే దాని ఓవర్‌హెడ్ ఇంకో కొత్త అధ్యాపకుడికి పనికొస్తుందని సంస్థ ఆశ.

అందుకే దరఖాస్తు ఫారంలో చివరెక్కడో ‘దీని తర్వాత ఏ సంస్థకు, ఎప్పుడు దరఖాస్తు చేయబోతున్నారు?’ అన్న అర్థంలో ఒక గడి ఉంటుంది. చాలామంది అక్కడ ‘తగిన నిధుల సంస్థలకు’ అని రాసి ఊరుకుంటారు. నేనైతే ముందు ఆ గడి చదివి, తర్వాతే మొదటి పేజీకి వచ్చేవాణ్ని. అక్కడ రాయడానికి మీ దగ్గర ఉన్నంత సరుకు చాలామంది దగ్గర ఉండదు. ఫలానా సంస్థకు పంపాను, ప్రాథమిక ఫలితాలు లేవని తిప్పి పంపారు, ఈ గ్రాంటుతో ఆ ఫలితాలు తెస్తాను, ఫలానా నెలలో వచ్చే విడతకు మళ్లీ పంపుతాను. ఈ నాలుగు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. రివ్యూయర్ల వ్యాఖ్యను జతచేయనిస్తే జతచేయండి. తిరస్కరణ లేఖను కొత్తవారు సిగ్గుపడి దాచుకుంటారు కానీ, సీడ్ గ్రాంటు దరఖాస్తుకు అంతకన్నా మంచి సిఫారసు లేఖ దొరకదు.

ఇక ఏ పని అడగాలన్న సంగతి. మీ మూడేళ్ల ప్రాజెక్టు మొత్తం ఏ ఒక్క సందేహం మీద ఆగి ఉందో చూడండి. మీ ఉత్తరంలో వివరాలు లేవు కాబట్టి ఈ రంగంలో మామూలుగా ఎదురయ్యే ఇబ్బందినే ఉదాహరణగా తీసుకుంటాను. స్వేదనజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి పరీక్షిస్తే చాలా పదార్థాలు అద్భుతంగా పనిచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి కన్నా ఎంతో కిందికి దించేస్తాయి. అదే పదార్థాన్ని నిజమైన బావినీటిలో వేస్తే కథ మారుతుంది. ఆ నీటిలో బైకార్బొనేట్ ఉంటుంది, సిలికేట్ ఉంటుంది, ఒక్కోచోట ఫాస్ఫేట్ ఉంటుంది. ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోట్లలో అవి ముందే కూర్చుంటాయి. అల్యూమినా లాంటి పదార్థం కొంచెం ఆమ్లగుణం ఉన్న నీటిలో బాగా పీలుస్తుంది, క్షారగుణం పెరిగేకొద్దీ వెనకబడుతుంది. మీ బయటి ప్రాజెక్టును చదివిన నిపుణుడికి బహుశా ఈ సందేహమే వచ్చి ఉంటుంది. ‘ప్రాథమిక ఫలితాలు లేవు’ అన్న ముక్తసరి వాక్యం వెనుక ఉన్నది సాధారణంగా ఇలాంటి ఒకే ఒక ప్రశ్న.

అయితే సీడ్ గ్రాంటులో అడగాల్సింది ఇంతే: స్వేదనజలంలో పనిచేసిన నా పదార్థం ఎనిమిది వేర్వేరు బావుల నీటిలో పనిచేస్తుందా, లేదా? వడపోత యూనిట్ తయారీ, ఖర్చుల అంచనా, పదార్థాన్ని శుద్ధిచేసి మళ్లీ మళ్లీ వాడటం, ఇవన్నీ పెద్ద ప్రాజెక్టుకు వదిలేయండి. ఈ ప్రశ్నలో ఇంకో సుగుణం ఉంది. జవాబు ఎటు వచ్చినా మీకు పనికొస్తుంది. పనిచేస్తే పెద్ద ప్రాజెక్టుకు పునాది దొరికినట్టే. పనిచేయకపోతే ఏ అయాన్ అడ్డుపడుతోందో తెలుస్తుంది, దాన్ని అధిగమించడమే పెద్ద ప్రాజెక్టుకు మొదటి లక్ష్యమవుతుంది. జవాబు ఒకవైపు వస్తేనే బతికి బట్టకట్టే ప్రాజెక్టును ఏడాది గడువున్న గ్రాంటులో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

దరఖాస్తును చదివేవారి గురించి కూడా చెప్పాలి. బయటి సంస్థలో మీ ప్రపోజల్ మీ రంగంవాళ్ల చేతికే వెళ్తుంది. లోపలి కమిటీలో ఒక చరిత్రకారుడు, ఒక సివిల్ ఇంజినీర్, ఒక అర్థశాస్త్ర ఆచార్యురాలు ఉండవచ్చు. రసాయనశాస్త్రం నుంచి ఒక్కరుంటే అదృష్టం. ఆ ఒక్కరూ మీ పక్షాన మాట్లాడతారని మాత్రం ధీమా పెట్టుకోకండి. ఒక పెద్ద వైద్య పరిశోధన విశ్వవిద్యాలయంలో బూద్రో, గైనాన్, లఖానీ, రీడ్ల్ అనే పరిశోధకులు ఇలాంటి ఎంపికనే పరీక్షగా నడిపి 2016లో ఫలితాలు ప్రచురించారు. 150 ప్రతిపాదనలు, 142 మంది న్యాయనిర్ణేతలు. ప్రతిపాదన తమ సొంత రంగానికి ఎంత దగ్గరగా ఉంటే న్యాయనిర్ణేతలు అంత తక్కువ మార్కులు వేశారని తేలింది. మరీ కొత్తపోకడ ఉన్నవాటికీ మార్కులు తగ్గాయి. తనకు తెలిసిన చోట లోపాలు ఎక్కువ కనిపిస్తాయి మరి! కాబట్టి మీరు ఒప్పించాల్సింది ఆ చరిత్రకారుణ్నీ, ఆ ఇంజినీరునూ.

సారాంశంలోని మొదటి వాక్యం దగ్గరే తేడా తెలుస్తుంది. ఇదిగో, మనవాళ్లు మామూలుగా రాసే వాక్యం: ‘సంశ్లేషిత మిశ్రమ లోహ ఆక్సైడ్ అధిశోషక పదార్థాల ఫ్లోరైడ్ తొలగింపు సామర్థ్యంపై సహ అయాన్ల ప్రభావాన్ని అధ్యయనం చేయడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.’ ఇందులో తప్పు ఒక్కటీ లేదు. చరిత్రకారుడు మాత్రం రెండో పదం దగ్గరే ఆగిపోతాడు. ఇలా రాసి చూడండి: ‘ప్రయోగశాల నీటిలో ఫ్లోరైడ్‌ను పీల్చేసే పదార్థాలు చాలా ఉన్నాయి, బావినీటిలో అవి తరచూ విఫలమవుతాయి. మేము తయారుచేసిన పదార్థం బావినీటిలో నిలబడుతుందో లేదో ఎనిమిది బావుల నీటితో ఏడాదిలో తేలుస్తాం.’ సాంకేతిక పదాలు రెండో పేజీలో ఎన్నైనా వాడుకోండి, వాటికోసం ఎదురుచూసే మీ శాఖ సభ్యుడు ఎలాగూ అక్కడిదాకా వస్తాడు.

బడ్జెట్ పట్టికను కొత్తవారు ఆఖరి రాత్రి నింపుతారు. అనుభవం ఉన్న సభ్యులు చాలామంది చదవడం దానితోనే మొదలుపెడతారు. ‘రసాయనాలు, గాజుసామాను: మొత్తం ఇంత’ అని ఒకే వరుస కనిపిస్తే పని ఆలోచించలేదని అర్థం. ఎనిమిది బావులు, ఒక్కో నీటికి ఐదు మోతాదులు, ఒక్కోటి మూడేసిసార్లు, మొత్తం 120 పరీక్షలు. ఒక్కో పరీక్షకు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలతకు ఇంత, బఫర్ ద్రావణానికి ఇంత, మిగతా అయాన్ల విశ్లేషణకు ఉమ్మడి పరికరాల కేంద్రం తీసుకునే రుసుము ఇంత. ఇలా లెక్క కట్టి ఉంటే ఆ పట్టికే మీ ప్రయోగ ప్రణాళిక. ఎవరూ కోత పెట్టడానికి సాహసించరు, ఎందుకంటే ఎక్కడ కోస్తే ఏ బావి పోతుందో కనిపిస్తూ ఉంటుంది.

కొత్త పరికరం మాత్రం అడగకండి. డబ్బు చాలదన్న మాట అటుంచి, కొనుగోలు ప్రక్రియ మీ ఏడాదిని మింగేస్తుంది. కొటేషన్లు, పోలిక పట్టిక, కొనుగోళ్ల కమిటీ సమావేశం, ఆర్డరు, రవాణా, బిగింపు... పరికరం వచ్చి పెట్టె విప్పేసరికి నివేదిక ఇవ్వాల్సిన తేదీ వచ్చేస్తుంది. గ్రాంటు వచ్చి కూడా ఖర్చుపెట్టలేక తిరిగిచ్చేసిన వారిలో ఎక్కువమంది కథ ఇదే. వాళ్లు మళ్లీ అడిగితే కమిటీకి ఆ సంగతి గుర్తుంటుంది. ఉమ్మడి కేంద్రంలో ఉన్న పరికరం మీద గంటలు కొనుక్కోవడం చౌక, త్వరగా అవుతుంది.

‘ముందే అనుకున్నవాళ్లకు వెళ్తాయి’ అన్న మాటకు వస్తాను. ఆ సహోద్యోగిని నేను పూర్తిగా కాదనలేను. ఉన్నవాడికే మరింత చేరే ఈ ధోరణికి సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే ‘మాథ్యూ ప్రభావం’ అని పేరు పెట్టాడు. అయితే దాని వెనుక ఉన్న యంత్రాంగంలో పక్షపాతం ఒక్కటే లేదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా డాక్టరేట్ పొందినవారికిచ్చే గ్రాంటుల మీద బోల్, డి వాన్, వాన్ డి రైట్ చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఎంపికకు గీసిన మార్కుల గీతకు కాస్త పైన ఉండి గ్రాంటు పొందినవాళ్లనూ, కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లనూ పోల్చారు. మార్కుల్లో ఇద్దరికీ దాదాపు తేడా లేదు. తర్వాతి ఎనిమిదేళ్లలో మొదటివాళ్లకు వచ్చిన పరిశోధన నిధులు రెండోవాళ్ల కన్నా రెట్టింపుకు మించాయి. కారణాల్లో ఒకటి, ఓడినవాళ్లలో చాలామంది ఆ తర్వాత పోటీకే రాకపోవడం. మీ సహోద్యోగి ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టారో ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

పక్షపాతం ఉన్నదో లేదో ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా మేలైన పని ఒకటుంది. గత మూడు, నాలుగు విడతల్లో ఎవరెవరికి వచ్చిందో పరిశోధన కార్యాలయం సాధారణంగా ప్రకటిస్తుంది. ఆ జాబితా తీసుకుని, అందులో చేరి ఐదేళ్లు దాటనివారు ఎందరున్నారో చూడండి. వాళ్లలో ఇద్దరి దగ్గరికి వెళ్లి నెగ్గిన దరఖాస్తు చూపించమని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు కదా. అడిగితే చాలామంది ఇస్తారు, ఇవ్వడాన్ని గౌరవంగా కూడా భావిస్తారు. నిబంధనల పత్రం పదిసార్లు చదివినా తెలియని సంగతులు ఆ దరఖాస్తుల్లో తెలుస్తాయి: ఎన్ని లక్ష్యాలు రాశారు, ఎంత అడిగారు, పటాలు ఎన్ని పెట్టారు.

చిన్నది తీసుకుంటే పెద్దది రాదన్నది మాత్రం ఉత్త అపోహ. బయటి సంస్థలు మీకు ఇప్పటికే ఉన్న నిధుల వివరాలు అడుగుతాయి, నిజమే. ఒకే పనికి రెండు చోట్ల డబ్బు తీసుకోకుండా చూడటానికే అది. సీడ్ గ్రాంటులో బావినీటి పరీక్ష, పెద్ద ప్రాజెక్టులో ఆ తర్వాతి పని అని విడదీసి చూపిస్తే ఏ ఇబ్బందీ లేదు. పైగా ‘మా సంస్థ తన సొంత డబ్బు దీనిమీద పెట్టింది’ అన్న వాక్యానికి బయట విలువ ఉంది. చెడగొట్టేది చిన్న గ్రాంటు తీసుకుని నివేదిక ఇవ్వకపోవడం. రెండు పేజీల నివేదికే కావచ్చు, గడువుకు వారం ముందు ఇవ్వండి.

దీనిమీద ఎంత సమయం పెట్టాలన్నదానికీ ఒక హద్దు గీసుకోండి. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలికి 2012లో వచ్చిన 3,727 ప్రతిపాదనల తయారీకి పరిశోధకులు మొత్తం మీద దాదాపు 550 పని సంవత్సరాలు వెచ్చించారని ఒక అంచనా. ఒక్కో ప్రతిపాదన మీద అదనంగా పెట్టిన సమయం విజయావకాశాన్ని పెంచినట్టు మాత్రం కనిపించలేదు. మీ సీడ్ గ్రాంటు దరఖాస్తు ఐదారు పేజీలకు మించదనుకుంటాను. ప్రశ్న ఖాయమైతే రాయడం వారం పని. ప్రశ్న ఖాయం కాకపోతే నెల రాసినా అది కుదరదు.

పరిశోధన కార్యాలయం గ్రాంటు గురించి పరిచయ సమావేశం పెడితే తప్పకుండా వెళ్లండి. ‘నోటీసులో ఉన్నదే చదువుతారు’ అని మానేసేవాళ్లు ఎక్కువ. హార్వర్డ్ వైద్య విభాగంలో ఒక అంతర్గత గ్రాంటు సందర్భంగా పరిశోధకులను వేర్వేరు గదుల్లోకి యాదృచ్ఛికంగా పంచి, గంటన్నరసేపు ఒకరి పని ఒకరు తెలుసుకునేలా చేశారు. ఒకే గదిలో పడినవాళ్లు కలిసి దరఖాస్తు పెట్టే సంభావ్యత 75 శాతం పెరిగిందని 2017లో ప్రచురితమైంది. అసలు సంభావ్యతే చాలా తక్కువ కాబట్టి ఆ అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. కానీ మీ విషయంలో భూగర్భశాస్త్ర శాఖ నుంచి ఒక్కరు తోడైతే ఏ ఎనిమిది బావులు ఎంచుకోవాలన్న తలనొప్పి తీరిపోతుంది. చాలా సంస్థలు రెండు శాఖలు కలిసి అడిగే గ్రాంటును విడిగా కూడా నడుపుతాయి, పోటీ అందులో తక్కువ.

ఆ కార్యాలయంలోనే ఇంకో సంగతి కనుక్కోండి. కొన్ని దాతృత్వ సంస్థలు, ప్రతిష్ఠాత్మక ఫెలోషిప్‌లు ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఒకరో ఇద్దరో మాత్రమే పోటీపడాలంటాయి. అలాంటప్పుడు లోపల ముందుగా ఒక ఎంపిక జరుగుతుంది, బయటి గడువుకు వారాల ముందే అది ముగుస్తుంది. బయటి ప్రకటన చూసుకుని నింపాదిగా వెళ్లేవాళ్లకు ఆ తలుపు అప్పటికే మూసి ఉంటుంది. ప్రయాణ గ్రాంటు, ప్రచురణ రుసుము, రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీలో ప్రయోగశాలను నడిపే వారధి నిధి, బోధన భారం తగ్గించే ఫెలోషిప్, ఇవన్నీ ఉన్నాయేమో కూడా అప్పుడే అడగండి. కొత్త అధ్యాపకురాలికి ఒక సెమిస్టరు పాఠాలు తగ్గడం డబ్బు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకో దానికి దరఖాస్తులు ఎప్పుడూ తక్కువే వస్తాయి.

చివరిగా మీ విద్యార్థిని. సీడ్ గ్రాంటు నిబంధనలు పరిశోధన సహాయకుల జీతాన్ని అనుమతిస్తే, ఆమె ఫెలోషిప్ ముగిశాక ఇవ్వడానికి చాలా చోట్ల అడ్డు ఉండదు. రెండూ ఒకేసారి తీసుకోవడం మాత్రం సాధారణంగా కుదరదు. అయినా ఇవ్వవద్దనే నా సలహా. ఆ జీతం తీసుకుంటే ఆమె చేయాల్సింది మీ 120 పరీక్షలు, తన థీసిస్ కాదు. బావినీటి ప్రయోగమే ఆమె చివరి అధ్యాయమైతే తప్ప అది ఆమెను ఇంకో ఏడాది వెనక్కి నెడుతుంది.

ఆమెకు సరిపోయేది థీసిస్ పూర్తిచేయడానికిచ్చే ఫెలోషిప్. మీ దగ్గర అది ఉంటే దాని షరతులు దాదాపు ఇలా ఉంటాయి: ప్రయోగాలు ముగిసి ఉండాలి, రాత మొదలై ఉండాలి, ఆ కాలంలో వేరే ఉద్యోగం గానీ పాఠాలు చెప్పడం గానీ చేయకూడదు, నమోదు గడువు మిగిలి ఉండాలి. ఈ ఆఖరి షరతు దగ్గర ఎక్కువమంది చిక్కుకుంటారు, కాబట్టి ముందు ఆమె నమోదు తేదీ చూడండి.

ఇందులో గైడ్ లేఖదే సగం బరువు. ‘ఈమె చాలా క్రమశిక్షణ, పట్టుదల గల విద్యార్థిని, ప్రోత్సహించ ప్రార్థన’ అని రాస్తే ఆ లేఖ ఉన్నా లేనట్టే. అందరి గైడ్లూ అదే రాస్తారు. ‘ఐదు అధ్యాయాల్లో మూడు నేను దిద్ది ఇచ్చాను, నాలుగోదానికి కొలతలు పూర్తయ్యాయి, పటాలు గీయాలి, ఐదోది ముగింపు. ఫలానా నెలాఖరుకు మొత్తం ముసాయిదా నా చేతికి వస్తుంది, నేను మూడు వారాల్లో చదివి ఇస్తాను’ అని రాయండి. మీరు చదివి ఇచ్చే గడువు కూడా అందులో ఉండాలి. థీసిస్‌లు ఆలస్యమయ్యేది విద్యార్థుల బల్లల మీదే అని కమిటీలో ఎవరూ నమ్మరు. ఆ లేఖ రాయాలంటే అధ్యాయాల స్థితి మీకు కచ్చితంగా తెలియాలి. అందుకని సీడ్ గ్రాంటు ఫారం తెరవకముందే ఈ వారంలో ఆమెను కూర్చోబెట్టి, ఉన్న పేజీలన్నీ ముందు పరచుకుని లెక్క తేల్చండి. ఫెలోషిప్ ఆగిపోయిన నెల నుంచి ఆమె గది అద్దె ఎలా కట్టుకుంటుందో కూడా అప్పుడే అడగండి. దరఖాస్తు మంజూరయ్యేదాకా పట్టే రెండు మూడు నెలలకు శాఖాధిపతి దగ్గర అత్యవసర సహాయ నిధి ఏదైనా ఉంటే, దానికి మీరే స్వయంగా వెళ్లి అడగాల్సి ఉంటుంది.